నాలుగు పౌన్ల తొమ్మిది ఔన్సులు

ఫిబ్రవరి 17, మంగళవారం

గుమ్మం ముందు పాలసీసా గడ్డకట్టి, మూత నెత్తిన పెట్టుకుని కూర్చుంది. ఇంకో నెల ఇదే చలి అని రేడియోవాడు ఎంతో సంతోషంగా చెప్పాడు. వాడిదేం పోయింది, లోపల కూర్చుని చెబుతాడు.

పొద్దున కిటికీ దగ్గర గాలానికి ఎరగా ఎనిమిది ఈగలు కట్టాను. చిన్న కొక్కేనికి కుందేలు బొచ్చు, కోడి ఈక చుట్టి, తల దగ్గర నారింజ దారంతో ముడి. మా చేపల క్లబ్బులో ఇంకెవరూ నారింజ దారం వాడరు. ట్రౌట్ చేపకి ఈగ తల రంగుతో పనేమిటని ట్రెఫర్ వెక్కిరిస్తాడు. దానికి పని లేకపోతే పోనీ, నాకుంది.

ఆ ట్రెఫరే సాయంత్రం ఫోన్ చేశాడు. క్లబ్బుకి కార్యదర్శి అయిన దగ్గర్నుంచీ ఇద్దరితో మాట్లాడినా సభలో మాట్లాడినట్టే ఉంటుంది.

"ఇద్వాల్, ఒడ్డున కొత్త గదికి పైకప్పు పడింది. మార్చి ఇరవయ్యొకటి శనివారం అందరం నదిలోకి దిగుతున్నాం. ఇంకో సంగతి. పాత గది వరదలో కొట్టుకుపోయాక గోడకి ఏమీ లేకుండా పోయింది కదా, నీ చేపని చెక్కతో చెక్కించి పెడుతున్నాం."

"ఏ చేప?" అన్నాను.

"ఏ చేపేంటయ్యా బాబూ! నాలుగు పౌన్ల తొమ్మిది ఔన్సులు! ఈ నదిలో అంతకు మించిన ట్రౌట్‌ని పట్టినవాడు ఇంకా పుట్టలేదు. నెస్టా చెక్కుతానంది."

"ఎందుకిప్పుడు అవన్నీ."

"అబ్బో, ఈ వయసులో సిగ్గొకటి!" అని పెట్టేశాడు.

సిగ్గేం కాదు. నాకు ఆర్భాటాలు నచ్చవు, అంతే.

ఫిబ్రవరి 19, గురువారం

నడుం నొప్పి. ఈగలు కట్టలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

నెస్టా వచ్చింది. చంకలో కాగితం చుట్ట, చెవి మీద పెన్సిల్. ముప్పై మూడేళ్ళ పిల్ల, ఊళ్ళో సగం తలుపులు దాని చేతివే. వాళ్ళ తాత హ్యూ ఎలిస్ మా నదికి కాపలాదారు. నా చేపకి ముందు క్లబ్బు రికార్డు బోర్డు మీద ఉన్నది ఆయన పేరే. నాలుగు పౌన్ల రెండు ఔన్సులు.

టేబుల్ మీద కాగితం పరిచి, "గీయి బాబాయ్, ఎంత పొడుగు?" అంది.

గీశాను. రెండుసార్లు చెరపాల్సొచ్చింది. చలి.

"ఏ వైపు చూస్తూ పెట్టమంటావు? తోక చివర తిన్నగా ఉందా, లోపలికి చీలిందా? మచ్చలు గుర్తున్నాయా?"

"పందొమ్మిదేళ్ళ నాటి చేప మచ్చలు ఎవడు లెక్కపెడతాడే!" అని విసుక్కున్నాను. తర్వాత జాలేసి ఒక పక్క పద్నాలుగు అన్నాను. అది శ్రద్ధగా రాసుకుంది.

"సాక్షిని కూడా అడుగుతాలే. గెథిన్ బాబాయ్ దగ్గరుండి చూశాడుగా" అంటూ కాగితం చుట్టింది.

మా క్లబ్బులో రెండు పౌన్లు దాటిన చేప పుస్తకానికి ఎక్కాలంటే కళ్ళారా చూసిన ఇంకొకడి సంతకం కావాలి. గెథిన్ సంతకం ఉంది. కాబట్టి ఏ గొడవా లేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

పద్నాలుగు చెప్పానా, పదహారా?

ఫిబ్రవరి 26, గురువారం

గెథిన్ ఇంటికి వెళ్ళాను. నెస్టా ఏం అడిగిందో తెలుసుకుందామని కాదు. వాణ్ణి చూసి రెండు వారాలయింది.

ఎనభై నిండాయి వాడికి. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, అయినా మొదట్నుంచీ ఒరేయ్ అంటే ఒరేయ్. తలుపు తీసి, "రారా! పోస్టు వ్యాను ఎక్కడ పెట్టావ్?" అన్నాడు. నేను ఆ ఉద్యోగం మానేసి పదకొండేళ్ళయింది.

వాడి భార్య ఓల్వెన్ టీ పోస్తూ నాకు మాత్రమే వినిపించేలా అంది. "నిన్న మనవడి పేరు గుర్తు రాలేదు ఇద్వాల్. మొన్న కోళ్ళ దగ్గరికని వెళ్ళి గుడి మెట్ల మీద కూర్చున్నాడు. నీ చేప ఒక్కటే చెక్కు చెదరలేదు. రోజూ పొద్దున్నే రొట్టె తింటూ అదే కథ. వినీ వినీ నాకూ నోటికొచ్చేసింది."

ఇంకేం, మొదలుపెట్టాడు.

"వంకమడుగు దగ్గర వీడు కేకేశాడు. నేను పై మలుపులో ఉన్నా. రాళ్ళ మీద పరుగెత్తా. పడ్డా. ఇదిగో ఈ మోకాలు. లేచి మళ్ళీ పరుగెత్తా. వీడు నడుంలోతులో ఉన్నాడు, గాలపు కర్ర విల్లులా వంగిపోయింది. వల ఇలా తేరా అన్నా. వల పట్టింది నేనేగా! ఎత్తాను చూడు, రెండు చేతులా ఎత్తాల్సొచ్చింది! బుగ్గ వెనకాల మూడు ఎర్రమచ్చలు, ఒక్కోటీ బఠాణీ గింజంత. పై పెదవికి పాత గాయం. ఏరా, చెప్పవేరా?"

"అవునురా" అన్నాను.

వాడు వల పట్టలేదు. వాడొచ్చేసరికే అంతా అయిపోయింది. కానీ ముసలివాళ్ళు అలా చెబుతుంటారు. తప్పేముంది.

మార్చి 1, ఆదివారం

మార్చి మొదటి తేదీ పండగ కదా, గుళ్ళో పిల్లలంతా కోటుకి పసుపు పువ్వు గుచ్చుకుని పాడారు. బాగుంది.

నాకోసమే రాసుకుంటున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. నేను దాన్ని తూచలేదు. వలదాకా వచ్చింది, వల అంచు తగిలి జారిపోయింది. వలదాకా వస్తే పట్టినట్టే లెక్క. ఎవర్నడిగినా అదే అంటారు. బరువు మాత్రం అంచనా.

మార్చి 4, బుధవారం

వలదాకా రాలేదు. వీపు కనిపించింది.

మార్చి 5, గురువారం

చినుకుల్లో మంచు. రోజంతా దారం చిక్కులు విప్పాను.

మార్చి 8, ఆదివారం

అటక మీంచి ఆ ఏటి డైరీ దించాను. ఏం రాసుకున్నానో చూద్దామని. ఏప్రిల్ 2 కింద నా దస్తూరీలోనే ఉంది: "నాలుగు పౌన్ల తొమ్మిది ఔన్సులు. వంకమడుగు. తిరిగి వదిలేశాను. గెథిన్ సాక్షి." పక్కన చిన్న చేప బొమ్మ కూడా వేశాను.

నా డైరీకి కూడా అబద్ధం చెప్పాను. ఎవరు చదువుతారని?

సరే. రాస్తాను. ఇవాళ రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

ఆ ఏడు కొండల మీద మంచు ఒక్కసారిగా కరిగి నది టీ రంగులో పొంగింది. ఈగని మడుగు అడుక్కి దించాను. పట్టేసింది. ఇటు లాగితే అటు గుంజింది. ఆగింది, మళ్ళీ బరువుగా కిందికి దిగింది. చేపే, ఇంకేమిటి! అప్పటికి క్లబ్బులో చేరి పదకొండేళ్ళు, ఒక పౌను దాటిన చేపని పట్టిన పాపాన పోలేదు. నన్ను చూస్తే "ఇద్వాల్ వచ్చాడ్రా, ఇవాళ చేపలకి సెలవు" అని వేళాకోళం చేసేవాళ్ళు. "పెద్దది పడిందిరా!" అని కొండలు పలికేలా అరిచాను.

పావుగంట పోరాడాను దాంతో. పావుగంట! ఒడ్డుకొచ్చాక చూస్తే పశువుల దాణా సంచి. ప్రవాహానికి నోరు తెరుచుకుని, నీళ్ళు నింపుకుని, అచ్చం ప్రాణమున్నదానిలా గుంజింది. నా ఈగ దాని అంచున గుచ్చుకుని ఉంది. ఎవరైనా చూస్తే చచ్చేదాకా నవ్వుతారని దారం కోసేసి సంచిని కాలితో ప్రవాహంలోకి తోసేశాను.

తలెత్తేసరికి గెథిన్. కుంటుకుంటూ వస్తున్నాడు. పాంటు చిరిగి మోకాలి నుంచి బూటు దాకా రక్తం. ముఖం చూస్తే మాత్రం పండగ.

"ఏదిరా? ఏదీ?"

ఆ మోకాలు చూసి సంచి అని చెప్పలేకపోయాను. "వదిలేశాన్రా" అన్నాను. "ఎంతుంది?" అన్నాడు. నాలుగు పౌన్ల తొమ్మిది అన్నాను. నోటికొచ్చిన అంకె చెప్పానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నాలుగంటే హ్యూ ఎలిస్ కంటే తక్కువ. ఐదంటే నమ్మరు. ఆ రెప్పపాటులోనే ఇంత లెక్క వేశాను.

గదిలో పుస్తకం తెరిచినప్పుడు, "నువ్వు చూడలేదు కదరా, సంతకం వద్దులే" అన్నాను. ఆ మాత్రం అన్నాను. వాడు కలం లాక్కుని, "నువ్వు చెబితే నేను చూసినట్టే" అని పెట్టేశాడు.

ఆ మోకాలు మళ్ళీ సరిగ్గా వంగలేదు. ఇప్పటికీ కుంటుతాడు.

మార్చి 11, బుధవారం

నిద్ర పట్టడం లేదు. హ్యూ ఎలిస్ గుర్తొస్తున్నాడు.

ఆ రోజు ఆయన గదిలోనే ఉన్నాడు. విని, లేచి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. బోర్డు మీద తన పేరుని తన కోటు చేత్తో తనే తుడిచి, సుద్దముక్కతో నా పేరు రాశాడు. గోడకున్న తన చెక్కచేపని దించి, కాగితంలో చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. ఆ మరుసటి జనవరిలో పోయాడు. పోయేదాకా ఎక్కడ కనిపించినా నవ్వుతూ పలకరించేవాడు. "ఏమోయ్ ఇద్వాల్, నారింజ దారం ఇంకా దొరుకుతోందా?" అనేవాడు. నేను తేలుకుట్టిన దొంగలా తలూపి తప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆయన మనవరాలు నా సంచిని చెక్కతో చెక్కుతోంది.

చెప్పేస్తాను. ఇరవయ్యొకటిన, అందరి ముందూ. హ్యూ పేరు మళ్ళీ బోర్డెక్కాలి. గెథిన్‌కి ముందుగా చెప్పాలి.

మార్చి 14, శనివారం

గెథిన్‌కి చెబుదామనే వెళ్ళాను. గుమ్మంలోనే ఓల్వెన్ ఆపింది.

"ఈసారి ఆయన్ని నువ్వు తీసుకెళ్తావా ఇద్వాల్? వచ్చే ఏటికి ఎలా ఉంటాడో తెలీదు. డాక్టరు అదే అన్నాడు. చెయ్యి వదలకు, అంతే."

లోపల గెథిన్ నాకోసం కుర్చీ జరిపాడు. "వంకమడుగు దగ్గర వీడు కేకేశాడు..." అని మొదలుపెట్టాడు.

మొత్తం విన్నాను. చెప్పలేదు.

మార్చి 20, శుక్రవారం

అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. "ఆ చేప లేదు. అది దాణా సంచి." ఎన్ని మాటలని. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

గెథిన్‌ని మధ్యలోకి లాగను. నేనే వాడికి అబద్ధం చెప్పానంటాను. వాడి తప్పేమీ లేదంటాను.

మార్చి 21, శనివారం

చేతులు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. పొయ్యి పక్కన కూర్చుని రాస్తున్నాను.

పొద్దున కొండ భుజాల దాకా తెల్లగా ఉంది. గడ్డి బూటు కింద పటపటమంది. మొత్తం ఏడుగురం. ఆచారం ప్రకారం అందరికంటే పెద్దవాడు మొదటి దారం విసిరేదాకా ఎవరూ నీళ్ళలో అడుగు పెట్టకూడదు. ఈ ఏడు ఆ వంతు గెథిన్‌ది. ఒడ్డున వరసగా టోపీలు తీసి నిలబడ్డాం.

వాడు చేతిలో కర్రని చూశాడు. నన్ను చూశాడు. "ఇదేం చెయ్యాల్రా?" అన్నాడు మెల్లిగా.

"నువ్వు చెయ్యి ఎత్తరా, అదే వస్తుంది" అన్నాను.

ఎత్తాడు. దారం వెనక్కి వెళ్ళి, నిలిచి, ముందుకు పరుచుకుంది. నీటి మీద చప్పుడు లేకుండా వాలింది. మనిషి మరిచిపోయినా చెయ్యి మరిచిపోలేదు. ట్రెఫర్ ముక్కు చీదుకుని చలి అన్నాడు.

పన్నెండు దాకా ఎవరికీ ఏమీ పడలేదు. కర్ర రింగుల్లో నీళ్ళు గడ్డకట్టి దారం కదల్లేదు. రింగుల్ని నోట్లో పెట్టుకుని కరిగించుకుంటూ నిలబడ్డాం. ఈ చలిలో ట్రౌట్ పైకి రావాలంటే నల్ల ఈగలు పుట్టాలి. అవి ఒంటిగంటకి గానీ పుట్టవు. అందుకని అంతా గదిలో చేరి మాంసం, ఉల్లికాడల్లాంటి లీక్స్ వేసి కాచిన పులుసు తాగాం. కొత్త చెక్క వాసన. గోడ దగ్గర బల్ల మీద పాత దుప్పటి కప్పి పొడుగ్గా ఏదో ఉంది. నెస్టా దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

ట్రెఫర్ గిన్నె మీద చెంచాతో కొట్టాడు. "ముసుగు తీసే ముందు మన ఇద్వాల్ రెండు ముక్కలు మాట్లాడతాడు."

లేచాను. గోడవైపు చూస్తూ చెప్పాను. "ఆ చేప లేదు. నా గాలానికి పడింది దాణా సంచి. పందొమ్మిదేళ్ళుగా అబద్ధం చెప్పాను. గెథిన్‌కీ అబద్ధమే చెప్పాను. బోర్డు మీద హ్యూ ఎలిస్ పేరు పెట్టండి."

ట్రెఫర్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దాణా సంచట! విన్నార్రా! ఎంత పొగిడినా పొంగడు కదా మనవాడు!"

"సంచి నాలుగు పౌన్ల తొమ్మిదైతే మేక ఎంతుంటుందో!" అన్నాడు ఇంకొకడు. గది గదంతా నవ్వు. నేను "నిజం, నిజం" అంటున్నాను. అన్నకొద్దీ నవ్వుతున్నారు.

నవ్వనిది ఇద్దరే. నెస్టా నన్నే చూస్తోంది. గెథిన్ బల్ల పట్టుకుని లేచాడు.

"నేను చూశాను."

నవ్వు ఆగిపోయింది.

"వల పట్టింది నేను. ఈ చేతుల్తో ఎత్తాను. ఇదిగో మోకాలు." పాంటు మీంచి మోకాలు తట్టాడు. "నాకు మతి పోతోందని ఇంట్లో అంటున్నారు. డాక్టరంటున్నాడు. అననీ. ఏం పోయినా ఇది నా దగ్గరుందనుకున్నా. నువ్వు కూడా నాకు మతి పోయిందంటావా, ఇద్వాల్?"

ఒరేయ్ అనలేదు. ఇద్వాల్ అన్నాడు.

అద్దం ముందు ఎన్నిసార్లు చెప్పుకున్నా ఈ ప్రశ్న నాకు తట్టలేదు. నా పాపం కడుక్కుందామని వెళ్ళాను. ఆ నీళ్ళు వాడి నెత్తిన పడతాయని ఆలోచించలేదు.

"లేదురా" అన్నాను. "ఆటపట్టించాను. వల పట్టింది నువ్వే. బుగ్గ వెనక మూడు ఎర్రమచ్చలు."

"బఠాణీ గింజంతవి" అన్నాడు.

"బఠాణీ గింజంతవి."

కూర్చుని పులుసు తాగాడు. నెస్టా మాత్రం దుప్పటి తియ్యలేదు. తోక దగ్గర ఇంకా నూనె ఆరలేదని, వచ్చే శనివారం పెడతానని చెప్పింది. ట్రెఫర్ సణిగాడు.

ఒంటిగంటా పది. మా ఇద్దరికీ వంకమడుగే వచ్చింది. ట్రెఫర్ కావాలనే ఇచ్చాడు. గెథిన్‌ని మోకాలిలోతు దాకా దింపి, వెనక నుంచి బెల్టు పట్టుకున్నాను. నీళ్ళ మీద నల్ల ఈగలు ఒకటి, రెండు, తర్వాత పొయ్యి దులిపినట్టు ఒక్కసారిగా తేలాయి. అవతలి ఒడ్డున గుండ్రంగా ఒక అల లేచింది.

"చూశావా?" అన్నాను.

"నోరుముయ్" అన్నాడు. పాత గెథిన్.

రెండోసారికే పడింది. "ఒరేయ్! ఒరేయ్!" అని అరిచాడు. ఇద్దరం జారబోయాం. వల పట్టింది నేను. కర్ర పిడి మీద గీతలకి ఆనించి చూస్తే తొమ్మిది అంగుళాలు, పసుపు పొట్ట, చలికి ఉక్కులా బిగిసి ఉంది. వాడు చేతులు తడుపుకుని పట్టుకున్నాడు. "ఎంత చిన్న వెధవో, ఎంత పొగరో చూడు!" అని నవ్వి నీళ్ళలో వదిలాడు. అది పోయిన చోటునే చాలాసేపు చూశాడు. అంత సంతోషం ఆ ముఖంలో ఈ మధ్య చూడలేదు.

ఇరవై నిమిషాలకి ఈగలు ఆగాయి. అంతా అయిపోయింది.

కారెక్కించి దుప్పటి కప్పుతుంటే అన్నాడు. "ఇవాళ నాకేం పడలేదు కదరా? అయినా బానే ఉంది."

నేను తలుపు వేసి అవతలివైపు నడిచాను. కారు వెనక నెస్టా ఉంది. దగ్గరికొచ్చి ఒకే మాట అడిగింది.

"బాబాయ్, సంచి ఏ రంగు?"

"నీలం" అన్నాను.

తలూపి వెళ్ళిపోయింది.

మార్చి 22, ఆదివారం

పది గంటలకి నెస్టా వచ్చింది. చంకలో హ్యూ ఎలిస్ చెక్కచేప. పందొమ్మిదేళ్ళ తర్వాత చూడటం. టేబుల్ మీద బోర్లా పెట్టింది.

వీపు వెనక చెక్కలో ఒక ఈగ గుచ్చి ఉంది. కొక్కెం తుప్పు పట్టింది, బొచ్చు పురుగు తినేసింది. తల దగ్గర దారం మాత్రం నారింజే.

"ఆ ఏడు వరద తీశాక వంతెన కింద చెత్త లాగుతుంటే తాతకి నీలం సంచి దొరికింది. అంచున ఇది. నేనప్పుడు పక్కనే ఉన్నా, పద్నాలుగేళ్ళు. ఎవరిది తాతా అంటే, 'ఎవరిదో. వాడే వచ్చి అడుగుతాడులే' అన్నాడు. ఇంటికి తెచ్చి ఇక్కడ గుచ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

తొమ్మిది నెలలు. వారం వారం కనిపించాడు. నారింజ దారం ఇంకా దొరుకుతోందా అని అడిగాడు. ఒక్కసారి, ఒక్కసారి నేను ఆగి "హ్యూ, నీతో ఒక మాట" అని ఉంటే సరిపోయేది. ఆయన నాకు అవకాశమిచ్చిన ప్రతిసారీ నేను తప్పుకుపోయాను.

ఏడ్చాను. ఆ పిల్ల ముందే ఏడ్చాను. అది లేచి తనే టీ పెట్టింది, చక్కెర డబ్బా ఎక్కడుందని అడక్కుండా వెతుక్కుంది.

"ఆలస్యంగానైనా వచ్చి అడిగావుగా బాబాయ్."

"అడిగి ఏం లాభం? నమ్మలేదుగా ఎవరూ. రేపు ట్రెఫర్ దగ్గరికెళ్ళి ఈ ఈగ చూపిస్తాను."

"చూపించి గెథిన్ బాబాయ్‌ని ఏం చేస్తావు?" అంది.

చెక్కచేపని మళ్ళీ ఆ పిల్ల వైపు జరిపాను.

మార్చి 25, బుధవారం

వాన. ఈగలేం కట్టలేదు. నారింజ దారపు ఉండని ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మార్చి 28, శనివారం

గదికి మేం నలుగురమే వెళ్ళాం. నేను, నెస్టా, గెథిన్, ఓల్వెన్. అందరికీ చెప్పొద్దని నెస్టాయే అంది.

గోడకి బిగించే ముందు నన్ను పక్కకి పిలిచి కొత్త చేపని తిప్పి చూపించింది. వెనక వైపు నా తుప్పు ఈగ గుచ్చి ఉంది. దాని కింద పెన్సిల్‌తో తేదీ, "వంకమడుగు. నీలం సంచి. ఇద్వాల్ స్వయంగా చెప్పాడు" అని రాసి ఉంది.

"గెథిన్ బాబాయ్ ఇక్కడికి వచ్చినన్నాళ్ళూ ఇలా ఉంటుంది. తర్వాత తిప్పి పెడదాం" అంది. సరేనన్నాను. హ్యూ చేపని పై మేకుకి, నాది కింది మేకుకి తగిలించింది. ట్రెఫర్ గొడవ చేస్తాడన్నాను. "చెయ్యనీ. సుత్తి నా చేతిలో ఉంది" అంది.

గెథిన్ కింది చేప దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. బుగ్గ వెనక మూడు మచ్చల్నీ వేలితో ఒక్కొక్కటే తాకాడు. పై పెదవి మీద గాయం కూడా పెట్టింది ఆ పిల్ల. "ఇదే! ఓల్వెన్, ఇటు రా, ఇదే అది!" అని భార్య చెయ్యి పట్టి లాగాడు. ఆమె మొదటిసారి వింటున్నట్టు కథంతా విన్నది.

నేను పుస్తకం తెరిచాను. పోయిన శనివారం కంగారులో రాయలేదు. చిన్న చేపలకి సాక్షి అక్కర్లేదు, అయినా గడి నింపాను. మార్చి 21. వంకమడుగు. గెథిన్. తొమ్మిది అంగుళాలు. వదిలేశాడు. సాక్షి, ఇద్వాల్.

గెథిన్ నా భుజం మీంచి తొంగిచూశాడు. వేలు పెట్టి తన పేరు చదివాడు.

"ఇది నేనా? నేను పట్టానా?"

"పట్టావురా."

"నాకేం గుర్తులేదే." కాసేపు నా ముఖంలోకి చూశాడు. "నువ్వు చూశావా?"

"చూశాను. వల పట్టింది నేనే."

"అయితే సరే" అని నా చేతిలో కలం లాక్కున్నాడు. "నువ్వు చెబితే నేను పట్టినట్టే."

నా సంతకం పక్కన తన సంతకం కూడా పెట్టాడు. వంకరగా వచ్చింది. తడి ఆరేదాకా పుస్తకం మూయకుండా పట్టుకున్నాను.